స్కల్‌డగరీ నిర్మూలన

మా గుమ్మళ్లపాడు పురపాలక సంఘంలో ఇంగ్లీషు రానివాళ్లు ఒక్కరూ లేరు. రాదని ఇంతవరకూ ఎవరూ ఒప్పుకోలేదు కాబట్టి ఈ మాట ధైర్యంగా చెబుతున్నాను.

ఆ సోమవారం రాజధాని నుంచి వచ్చిన ఉత్తర్వు ఒకటిన్నర పేజీ. అంతా ఇంగ్లీషే. మొదటి పేజీ నిండా సూచికలు, వాటి నంబర్లు, తేదీలు. మిగతా సగం పేజీలో అసలు సంగతి ఒకే ఒక్క వాక్యం. స్థానిక సంస్థల్లో స్కల్‌డగరీ అనేదాన్ని ముప్ఫై రోజుల్లో సమూలంగా నిర్మూలించాలి, ప్రతి సోమవారం ప్రగతి నివేదిక పంపాలి, అలసత్వం చూపినవాళ్ల మీద చర్య తప్పదు. అంతే.

కమిషనర్ పరిమళరావు గారు మధ్యాహ్నం సిబ్బంది సమావేశం పెట్టారు. ఉత్తర్వుని రెండు చేతులతో పట్టుకుని, కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకున్నారు.

"స్కల్‌డగరీ," అన్నారు. "చాలా తీవ్రమైన సమస్య. నేను ఇదివరకు పనిచేసిన చోట కూడా ఉండేది. దాన్ని ఉక్కుపాదంతో అణచివేశాం. దీని అర్థం ఏమిటో మీకు వేరే చెప్పక్కర్లేదు. అందరికీ తెలిసిన మాటే."

అందరం తలలూపాం. మేనేజరు తాతబ్బాయి గారు అందరికంటే ఒక ఊపు ఎక్కువ ఊపారు. పట్టణ ప్రణాళిక విభాగం ఇన్‌స్పెక్టరు లోవరాజు లేచి, "మా వైపు వార్డుల్లో అయితే మరీ ఎక్కువైపోయిందండి," అన్నాడు. వానాకాలం వచ్చేలోపల దాన్ని అదుపు చెయ్యకపోతే కష్టమని పారిశుధ్యం వాళ్లు అన్నారు. కమిషనర్ గారు అవన్నీ రాసుకున్నారు.

తర్వాత నా వైపు తిరిగారు. నేను సీనియర్ అసిస్టెంటుని. అధికార భాష అమలు విభాగం నాది. విభాగం అంటే ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక కంప్యూటరు, ఒక నిఘంటువు, నేను. ఆఫీసులో అందరూ నన్ను తెలుగు గారూ అని పిలుస్తారు. నా అసలు పేరు హాజరు పట్టీలో మాత్రం ఉంది. నా సర్వీసు మొత్తంలో నేను చేసిన ఘనకార్యం ఒక్కటే. పదకొండేళ్ల క్రితం ఊళ్లోని బోర్డులన్నీ, రికార్డుల్లోని పేర్లన్నీ తెలుగులోకి మార్పించాను. ఆ సంగతి ఇంతవరకూ ఎవరూ గమనించలేదు.

"తెలుగు గారూ, రేపు మధ్యాహ్నం లోపల దీనికి తెలుగు ఉత్తర్వు తయారు కావాలి. సామాన్య ప్రజలకి అర్థమయ్యేలా ఉండాలి," అన్నారు కమిషనర్ గారు.

"చిత్తం. ఆ మాటకి తెలుగులో సరైన మాట ఏదని తమరి ఉద్దేశమండి?"

"తెలుగు విభాగం మీదా, నాదా?"

నాదే. మర్నాడు పొద్దున్నే నిఘంటువు తీశాను. షర్టు దాకా పేజీలు శుభ్రంగా ఉన్నాయి. తర్వాత స్నేకు దగ్గర మళ్లీ మొదలవుతున్నాయి. మధ్యలోవి చెదలు తినేశాయి. సరేనని ఫోనుని అడిగితే అది ఆ మాటని రెండు ముక్కలు చేసి 'పుర్రె తవ్వకం' అని చెప్పింది. స్థానిక సంస్థల్లో పుర్రెల తవ్వకం నిర్మూలించాలని ఉత్తర్వు వేస్తే ముందుగా పోయేది మా శ్మశానం కాపలాదారు ఉద్యోగం. అతను చాలా మంచివాడు. అతని కొలువు నా చేతులతో తీయడం ఇష్టం లేకపోయింది.

మాకొక నియమం ఉంది. తగిన తెలుగు మాట దొరకనప్పుడు ఇంగ్లీషు మాటనే తెలుగు లిపిలో రాయవచ్చు. నేను ఆ నియమం నీడలోకి చేరి, 'స్కల్‌డగరీ నిర్మూలన' అని టైపు చేశాను. అప్పటికి పన్నెండున్నర అయింది. మా ఆఫీసు గేటుకీ బడి గేటుకీ మధ్య రోడ్డు ఒక్కటే అడ్డం. బడి గేటు పక్కన వేపచెట్టు కింద నూకరత్నం తోపుడుబండి ఉంటుంది. జామకాయ ముక్కలు, ఉసిరికాయలు, మామిడికాయ చెక్కలు, ఉప్పూ కారం. అన్నం తినే ముందు నాలుగు జామకాయ ముక్కలు తినడం నాకు ఇరవై ఏళ్ల అలవాటు. ఆ తొందరలో నేను తెర వైపు మళ్లీ చూడలేదు.

మా కంప్యూటరుకి ఒక గుణం ఉంది. మనం తప్పు రాశామని దానికి అనిపిస్తే, మనల్ని అడక్కుండానే దిద్దుతుంది. స్కల్‌డగరీ అనే మాట దానికీ తెలియదు. మా ఆఫీసులో ఇంతకాలం ఉన్నందువల్లనేమో, తెలియదని అదీ ఒప్పుకోలేదు. 'స్కూల్ దగ్గరి' అని దిద్ది ఊరుకుంది.

ఆ కాగితం మేనేజరు తాతబ్బాయి గారి బల్ల మీదికి వెళ్లింది. 'స్కూల్ దగ్గరి నిర్మూలన' అన్నది చూసి ఆయన, "మన తెలుగు గారికి తెలుగు రాదు. దగ్గరి ఏమిటి, దగ్గరివి అని ఉండాలి గాని," అనుకుని ఎర్ర సిరాతో ఒక 'వి' చేర్చారు. దాని మీద కమిషనర్ గారు సంతకం చేశారు. పురపాలక పరిధిలో స్కూల్ దగ్గరివి అన్నియూ ముప్ఫై దినములలో సమూలముగా నిర్మూలించవలెను. ప్రతులు అన్ని విభాగాలకూ వెళ్లాయి. తెలుగు విభాగానికి తెలుగు ఉత్తర్వు ప్రతి అనవసరమని నాకు మాత్రం పంపలేదు.

గురువారం జరిగిన అమలు సమావేశంలో కమిషనర్ గారు ఉత్తర్వుని పైకి చదివినప్పుడే నేను రాసింది ఏమైందో నాకు తెలిసింది. ఎవరైనా అడుగుతారేమోనని చుట్టూ చూశాను. సోమవారం ఇంగ్లీషు మాటకి ఎలా ఊపారో, గురువారం తెలుగు మాటకీ అందరూ అలాగే తలలూపుతున్నారు.

"స్కల్‌డగరీ అంటే ఇదేనని నేను మొదటి రోజే అనుకున్నాను," అన్నారు కమిషనర్ గారు. "స్కూల్ దగ్గర పేరుకుపోయినవి. ఎంత అందమైన అనువాదం."

పొరపాటు జరిగిందని లేచి చెప్పాలి. చెబితే ఆ పొరపాటు ఎవరిదని అడుగుతారు. నేను లేవలేదు. ఈ ముక్క రాయడం నాకు ఇష్టం లేదు గాని, రాయకపోతే మిగతా కథకి అర్థం ఉండదు.

సమావేశం అప్పటికే అసలు చిక్కుముడి దగ్గరికి వెళ్లింది. దగ్గర అంటే ఎంత దూరం? లోవరాజు వంద మీటర్లు అన్నాడు. తాతబ్బాయి గారు మీటర్లలో ప్రజలకి అర్థం కాదన్నారు. చివరికి కమిషనర్ గారే తేల్చారు. "బడి గంట ఎంతవరకు వినిపిస్తే అంతవరకు దగ్గర. శాస్త్రీయంగానూ ఉంటుంది, సంప్రదాయబద్ధంగానూ ఉంటుంది. క్షేత్రస్థాయి పరిశీలన జరిపి నివేదించవలసింది."

శుక్రవారం పదిన్నరకి పరిశీలన. బడి హెడ్మిస్ట్రెస్ ఫ్లోరెన్స్ కుమారి గారు ముప్ఫై రెండేళ్లుగా ఇంగ్లీషు పాఠం చెబుతున్న మనిషి. లోవరాజు వచ్చి గంట కొట్టించమంటే ఆవిడ కళ్లజోడు పైనుంచి చూశారు.

"కొట్టిస్తాను. కానీ పిల్లలు వింటారు గదండీ."

"పరీక్ష కోసమేనని వాళ్లకి చెప్పండి మేడం."

చెప్పారు. పరీక్ష అన్న మాట వినగానే పిల్లలు మామూలుకంటే ఇంకాస్త తొందరగా పుస్తకాలు సర్దుకున్నారు. లోవరాజు మనుషులు బజారులో నాలుగు దిక్కులా చెవులు రిక్కించి నిలబడి ఉండగా, తొమ్మిది వందల మంది పిల్లలు వాళ్ల మధ్య నుంచి ఇళ్లకి వెళ్లిపోయారు.

నేనూ తాతబ్బాయి గారూ ఆ సమయంలో కమిషనర్ గారి గదిలో ఉన్నాం. గంట కొడుతూంటే బల్ల మీది గ్లాసులో నీళ్లు వణికాయి. కమిషనర్ గారు కిటికీ వైపు చూశారు, గ్లాసు వైపు చూశారు, తర్వాత మా వైపు చూశారు. అప్పుడు తట్టినట్టుంది ఆయనకి, ఆఫీసు కూడా ఆ గంట పరిధిలోనే ఉందని.

"ఏమైనా వినిపించిందా మేనేజరు గారూ?"

తాతబ్బాయి గారు ఆయన ముఖంలోకి కాసేపు చూసి, "లేదండి," అన్నారు.

"తెలుగు గారూ, మీకు?"

గంట ఇంకా మోగుతూనే ఉంది. "లేదండి," అన్నాను నేను, కొంచెం గట్టిగా. లేకపోతే ఆయనకి వినపడేలా లేదు.

లోవరాజు పటం తయారు చేశాడు. మూడు దిక్కులా గంట బజారు దాటి, సినిమా హాలు దాటి వెళ్లింది. నాలుగో దిక్కున మాత్రం రోడ్డు మధ్యకి వచ్చి, మా గేటు ముందు ఆగిపోయింది. ఆ పరిధిలో నిర్మూలించవలసినవి నలభై మూడు తేలాయి. మొదటిది బడి ప్రహరీ గోడ, 'స్కూల్‌కి అతి దగ్గరిది' అన్న వివరణతో. తర్వాత మంచినీళ్ల కుళాయి, బస్సు షెల్టరు, ట్రాన్స్‌ఫార్మరు, పోస్టు డబ్బా, వేపచెట్టు, 'బడి ఉన్నది నెమ్మదిగా పోవలెను' అన్న బోర్డు, హెడ్మిస్ట్రెస్ గారి స్కూటరు. పదిహేడోది నూకరత్నం తోపుడుబండి.

జాబితా చూసి తాతబ్బాయి గారికి ఒక ఆలోచన వచ్చింది. "నలభై మూడింటికి నలభై మూడు నోటీసులెందుకండి. స్కూలొకటి తీసేస్తే ఇంక దగ్గర అనేదే ఉండదు గదా."

కమిషనర్ గారు ఆ మాటని తేలిగ్గా తీసెయ్యలేదు. "దీర్ఘకాలిక పరిష్కారంగా బాగుంది. రెండో దశలో చేపడదాం," అన్నారు.

మొదటి దశలో మొదటి రోజు రోడ్డు మీది స్పీడ్ బ్రేకర్ని తవ్విపారేశారు. దాని మీద నోటీసు అంటించే చోటు లేదు కాబట్టి పని సులువైంది. సోమవారం నివేదికలో 'ఒకటి నిర్మూలించబడినది' అని రాశాం. ఆ రోజు నుంచీ కమిషనర్ గారి జీపు గేటు దాటి ముందుకెళ్లిపోయి, వెనక్కి వస్తోంది. మిగతా నలభై రెండింటికీ, ఎక్కువ పడి ఉండనిమ్మని నాలుగైదు వందల నోటీసులు అచ్చేయించారు. మూడు రోజుల్లో సంజాయిషీ ఇచ్చుకోనిచో తదుపరి చర్య. వేపచెట్టుకి ఒకటి అంటించారు. అది సంజాయిషీ ఇవ్వలేదు. లోవరాజు ఆ సంగతి ఫైల్లో నమోదు చేశాడు.

మంగళవారం మధ్యాహ్నం అలవాటుగా రోడ్డు దాటాను. నూకరత్నం నోటీసుని మడిచి చీర కొంగున కట్టుకుంది. నన్ను చూసి విప్పింది.

"తెలుగు బాబుగారండి, ఇది మీరు రాసిందే అంటన్నారు. చదివేనండి. చదివితే అర్థం కాలేదు."

"ఏం అర్థం కాలేదు?"

"నేను బడి దగ్గర ఉన్నానని రాసేరండి. ఉన్నాను. ఇరవై రెండేళ్ల నించీ ఉన్నాను. అదే తప్పయితే మొదటి రోజునే చెప్పాలి గదండి. బడి పిల్లలు తినే జాంకాయలు బడి దగ్గర కాక ఇంకెక్కడ అమ్ముతారండి, శ్మశానం కాడ పెట్టుకోమంటారా?"

నూకరత్నం జామకాయ కోస్తూనే ఉంది. కత్తి ఆపకుండా మెల్లిగా అంది.

"మా ఆయనకి మోకాళ్లు పనిచెయ్యవని మీకు తెలుసు గదండి. ఈ బండి తప్ప ఇంకో ఆధారం లేదు. ఎవరికన్నా అడ్డమైతే ఎల్లిపోతానండి, గొడవపడే మనిషిని కాదు. ఎవరికి అడ్డమయ్యేనో చెప్పండి, చాలు."

చెప్పాల్సిన మాట నా నోట్లోనే ఉంది. నువ్వు ఎవరికీ అడ్డం కాలేదు నూకరత్నం, ఆ రోజు నాకు ఆకలేసింది, అంతే. అది మింగేసి జేబులోంచి చిల్లర తీశాను. నాకు నిజంగా సిగ్గేసింది. ఆమె రోజూలాగే ముక్కలకి ఉప్పూ కారం అద్ది పొట్లం కట్టి ఇచ్చింది. ఆ రోజు కారం ఎక్కువైందనుకుంటాను, కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ పొట్లంతోనే తిన్నగా బడిలోకి వెళ్లాను. ఫ్లోరెన్స్ కుమారి గారు తన గదిలో జవాబు పత్రాలు దిద్దుకుంటున్నారు. జేబులో మడిచి పెట్టుకు తిరుగుతున్న ఇంగ్లీషు ఉత్తర్వు ఆవిడ ముందు పెట్టి, ఆ మాట కింద వేలు పెట్టాను.

"స్కల్‌డగరీ," అని చదివి తలెత్తారు. "ఎవరు చేశారు?"

"ఎవరు చేశారని కాదండి. అర్థం కావాలి."

ఆవిడ ఎర్ర కలం కింద పెట్టారు. "ముప్ఫై రెండేళ్లు ఇంగ్లీషు చెప్పాను. రోడ్డు దాటి మీ ఆఫీసు నుంచి ఒకరు అర్థం అడగడానికి రావడం ఇదే మొదలు. కూర్చోండి."

కూర్చున్నాను. ఆవిడ పాఠం చెప్పే ధోరణిలోకి వచ్చేశారు.

"మోసం అని రాసుకోండి. కానీ అది చాలదు. మోసం అనగానే పోలీసులొస్తారు, ఇందులో అంత బరువు లేదు. దగా కొంచెం దగ్గరికొచ్చింది. కపటం పురాణాల్లో అయితే బాగుంటుంది. కుట్రకి పదిమంది కావాలి. టక్కరితనం, అది బాగుంది. గూడుపుఠాణి ఇంకా బాగుంది, అందులో చాటుమాటు ఉంది. గోల్‌మాల్, మతలబు, కిరికిరి, తిరకాసు, అన్నీ దీని చుట్టాలే. పైకి పెద్దమనిషిలా కూర్చుని, లోపల్లోపల నియమాన్ని మెలితిప్పి పని కానిచ్చుకోవడం. దీనికి మన పిల్లల దగ్గర అచ్చమైన మాట ఒకటుంది. ఏమిటబ్బా అది, నోట్లోనే ఉంది."

కిటికీ బయట ఆడపిల్లలు తొక్కుడుబిళ్ల ఆడుతున్నారు. ఒకమ్మాయి గీత తొక్కి, తొక్కలేదని వాదిస్తోంది. మిగిలినవాళ్లు నలుగురూ ఒకే గొంతుతో, "తొండి, తొండి," అని అరిచారు.

"అదీ మాట," అన్నారు ఫ్లోరెన్స్ కుమారి గారు.

జరిగిందంతా అప్పుడు ఆవిడకి చెప్పాను. షర్టు, స్నేకు, పుర్రెలు, కంప్యూటరు, ఎర్ర సిరా 'వి', గ్లాసులో వణికిన నీళ్లు, అన్నీ. ఆవిడ నవ్వుతారేమో అనుకున్నాను. నవ్వలేదు. "నూకరత్నం దగ్గర నేనూ కొనుక్కుంటాను," అని మాత్రం అన్నారు. "వెళ్లి మీ కమిషనర్ గారికి ఉన్నదున్నట్టు చెప్పండి."

చెప్పాను. తప్పు నాదేనని కూడా చెప్పాను. కమిషనర్ గారు ఆ అర్థాన్ని విన్నారు. రెండోసారి చెప్పించుకుని విన్నారు. తర్వాత లేచి వెళ్లి తలుపు వేసి వచ్చారు.

"అంటే తొండి అంతటినీ ముప్ఫై రోజుల్లో నిర్మూలించి, ప్రతి సోమవారం జాబితా పంపాలన్నమాట."

"అవునండి."

"పేర్లతో సహానా?"

"పేర్లు లేకుండా జాబితా ఎలా అవుతుందండి."

ఆయన చాలాసేపు కుర్చీలో అటూ ఇటూ తిరిగారు. "తెలుగు గారూ, మీరు అనుభవజ్ఞులు. స్కూల్ దగ్గరివి తీసేస్తే రోడ్డు శుభ్రపడుతుంది. మీరనేది తీసేస్తే పరిపాలన ఆగిపోతుంది. ఒకసారి సంతకమయ్యాక ఉత్తర్వుకి అర్థం మారదు. సంతకమే అర్థం. ఈ విషయాన్ని ఇంతటితో ముగించడమైనది."

ఆ మాటలే పట్టుకెళ్లి ఫ్లోరెన్స్ కుమారి గారికి అప్పజెప్పాను. ఆవిడ ఒక తెల్లకాగితం తీసుకున్నారు. "మనుషుల భాషలో చెబితే వినలేదు గదా. వాళ్ల భాషలోనే అడుగుదాం," అని సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు రాశారు. రెండే ప్రశ్నలు. బడి గంట కమిషనర్ గారి గదిలోకి వినిపించునా, వినిపించదా? వినిపించనిచో, సదరు అధికారికి చెవి పరీక్ష ఏ తేదీన జరిపించినారు?

ఆ దరఖాస్తు గురువారం ఉదయం కమిషనర్ గారి బల్ల మీదికి చేరింది. పదకొండింటికి నన్ను పిలిపించారు. గదిలో ఆయన ఒక్కరే ఉన్నారు. దరఖాస్తుని తిప్పి, బోర్లించి పెట్టి ఉంచారు.

"వినిపిస్తుందంటే ఆఫీసుకి నోటీసు అంటించాలి. వినిపించదంటే నన్ను వైద్య మండలికి పంపుతారు," అన్నారు. ఆయన గొంతులో మొదటిసారి మామూలు మనిషి మాట్లాడాడు. "నాకింకా ఆరేళ్ల సర్వీసుందండి. ఏదైనా దారి చూడండి."

ఉత్తర్వు వెనక్కి తీసుకోమని అడిగాను. సంతకం చేసిన ఉత్తర్వుని వెనక్కి తీసుకున్న కమిషనర్ అని చరిత్రలో మిగిలిపోతానన్నారు. సరే, ఆలోచిస్తానని నా బల్ల దగ్గరికి వచ్చాను.

ఎదురుగా కిటికీలోంచి బడి గేటు కనిపిస్తోంది. వేపచెట్టుకి అంటించిన నోటీసు సగం ఊడి గాలికి కొట్టుకుంటోంది. దాని కింద నూకరత్నం ఆ రోజు బండికి గొడుగు కూడా కట్టలేదు. మర్నాటితో గడువు సరి. గేటు మీది బోర్డు వైపు ఊరికే చూస్తూ కూర్చున్నాను. పదకొండేళ్ల క్రితం నేను రాయించిన బోర్డు. అక్షరాలు కొంచెం వెలిశాయి గాని చదవచ్చు. పురపాలక ఉన్నత పాఠశాల.

మూడోసారి చదివినప్పుడు అర్థమైంది. లేచి బీరువాలోంచి పాత దస్త్రం తీసి, దుమ్ము దులిపి, కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఈసారి ప్రతి మాటనీ రాశాక తెర వైపు చూశాను.

'పై సూచికలోని ఉత్తర్వు స్కూల్ దగ్గరివి నిర్మూలించవలసినదిగా నిర్దేశించుచున్నది. రికార్డులను క్షుణ్ణముగా పరిశీలించగా, పదకొండు సంవత్సరముల క్రితం జరిగిన నామ సవరణను అనుసరించి, ఈ పురపాలక పరిధిలో స్కూల్ అనునది ఏదియూ లేదని తేలినది. పాఠశాలలు మాత్రమే గలవు. స్కూల్ లేనిచోట స్కూల్ దగ్గర అనునది ఉండుటకు వీలు లేదు. కావున నిర్మూలించవలసినవి శూన్యమని, జారీ అయిన నోటీసులు చెల్లనేరవని సవినయముగా నివేదించడమైనది.'

ఆ నోటు రాస్తున్నంతసేపూ నాకొక సంగతి తెలుసు. నేను చేస్తున్న పనిని ఇంగ్లీషులో ఏమంటారో.

కమిషనర్ గారు దాన్ని మూడుసార్లు చదివారు. నుదుటి మీది ముడతలు ఒక్కొక్కటే విడిపోయాయి.

"మరి గంట సంగతి?"

"అది పాఠశాల గంటండి. స్కూలు గంట కాదు. వినిపించినా ఇబ్బంది లేదు."

"అయితే నాకు వినిపిస్తుంది," అన్నారాయన, ఎంతో తేలికపడి. ఆ మాటే దరఖాస్తుకి జవాబుగా రాయించారు.

లోవరాజు మాత్రం కొంచెం బాధపడ్డాడు. అంత కష్టపడి గీసిన పటం వృథా అయిందని అతని దిగులు. తవ్విపారేసిన స్పీడ్ బ్రేకర్ని ఏం చెయ్యాలని అడిగితే, 'వాడుక వల్ల అరిగిపోయినది' అని నమోదు చేసుకోమన్నారు. తాతబ్బాయి గారు నా నోటు చదివి, "ఇప్పుడు తెలుగు బాగా వచ్చిందండి మీకు," అని భుజం తట్టారు.

రాజధానికి వెళ్లే నివేదిక ఇంగ్లీషులో ఉండాలి. ఆ పనీ నాకే అప్పగించారు. మొదటి ఉత్తర్వులోని మాటని అక్షరం అక్షరం చూసి దింపుకున్నాను. గుమ్మళ్లపాడు పురపాలక సంఘంలో స్కల్‌డగరీ శూన్యం. గడువుకి రెండు వారాలకు పైగా ముందే పని పూర్తి. కమిషనర్ గారి సంతకం, ముద్ర.

నెల తిరక్కుండా పైనుంచి అభినందన లేఖ వచ్చింది. స్కల్‌డగరీని నూటికి నూరు శాతం నిర్మూలించిన మొదటి పురపాలక సంఘం మాదేనట. ఆ ఘనతకి ఇత్తడి షీల్డు, నా తెలుగులో కవచం, ఒకటి ఇస్తున్నారట. మిగతా ఊళ్ల నుంచి ఇద్దరు కమిషనర్లు ఫోన్ చేసి, మా పద్ధతి ఏమిటో చెప్పమని అడిగారు. పరిమళరావు గారు, "సమష్టి కృషి," అని చెప్పారు. ఆ మాటతో వాళ్లకి ఏం అర్థమైందో గాని, మరుసటి వారానికల్లా వాళ్ల ఊళ్లలోనూ అది శూన్యమైపోయింది.

కవచం అందజేసే సభ బడి ఆవరణలోనే పెట్టారు. ఆహ్వాన పత్రికలో 'పాఠశాల ప్రాంగణము' అని నేను దగ్గరుండి అచ్చు వేయించాను. కమిషనర్ గారు అరగంట మాట్లాడారు. నిజాయితీ, పారదర్శకత, జవాబుదారీతనం, ఈ మూడింటి గురించీ మాట్లాడారు. ఫ్లోరెన్స్ కుమారి గారు వందన సమర్పణలో మునిసిపల్ అధికారుల భాషా పరిజ్ఞానాన్ని ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. ఆవిడ ముఖంలో నవ్వు ఎక్కడా కనిపించలేదు. ముప్ఫై రెండేళ్ల అనుభవం ఊరికే పోదు.

సభ అయ్యాక కమిషనర్ గారు కవచాన్ని చంకలో పెట్టుకుని గేటు దగ్గర ఆగారు. ఆ పక్కనే నూకరత్నం బండి, గొడుగుతో సహా. ఆయన ఎప్పుడూ ఆమె దగ్గర ఏదీ కొనలేదు. ఆ రోజు సంతోషంలో ఉన్నారు కాబట్టి జామకాయ ముక్కలు అడిగారు. నూకరత్నం ఒక కాగితం ముక్క తీసి పొట్లం చుట్టి ఇచ్చింది. మిగిలిపోయిన నోటీసుల కట్ట మొత్తం లోవరాజు ఆమెకే ఇచ్చేశాడు. వాటిని చక్కగా నలుచదరంగా కోసి పెట్టుకుంది. కమిషనర్ గారు తింటూంటే ఆయన వేళ్ల మధ్య నుంచి 'సమూలముగా' అన్న మాట కనిపిస్తోంది. ఆయన సంతకం కారంలో తడిసిపోయింది.

"ఇయ్యి బాగా పనికొచ్చేయండి," అంది నూకరత్నం నాతో. "కాయితం మందంగా ఉంది. కారం కిందకి దిగట్లేదు. మళ్లీ ఎప్పుడన్నా ఏయిస్తారా?"

"వేయించకుండా ఉంటారా," అన్నాను.

అంతలో బడి గంట కొట్టారు. కమిషనర్ గారు ఉలిక్కిపడ్డారు. "అబ్బ, ఈ గంట నా గదిలోకి కూడా రోజూ ఇంత గట్టిగానే," అని, నా ముఖం చూసి మధ్యలో ఆపేశారు. ఆ వెంటనే గేటు లోపల తొక్కుడుబిళ్ల ఆడుతున్న ఆడపిల్లలు నలుగురూ ఒక్కసారిగా, "తొండి, తొండి, తొండి," అని అరిచారు.

ఆయన నమలడం ఆపి చుట్టూ చూశారు. "ఏమంటున్నారు తెలుగు గారూ, ఆ పిల్లలు?"

"అర్థం వేరే చెప్పక్కర్లేదండి," అన్నాను. "అందరికీ తెలిసిన మాటే."

ఆయన తలూపారు. నూకరత్నం ఇంకో జామకాయ తీసి కోయడం మొదలుపెట్టింది.